పేరు పెద్దలది, చెయ్యి దొంగది

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో సంక్షేమ ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో విద్యార్థుల ఫీజులు, రోగుల మందుల ఖర్చు, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళు, వీటిని గురించే మాట్లాడుకుంటాము. ఇచ్చేవారెవరు, అందుకోవలసినవారెవరు అని లెక్కలు చూసుకుంటాము. ఈ సంవత్సరం మేము మరొక విషయం మీ ముందు పెట్టదలచాము. సహాయం చేయడం ఎంత ముఖ్యమో, ఉన్న నాలుగు రూపాయలు పరాయివాడి పాలు కాకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు కూడబెట్టిన సొమ్ము ఇవాళ పది నిమిషాల్లో ఫోనులోనుంచి వెళ్ళిపోతున్నది. ఆ కుటుంబానికి తరువాత మన సంఘం ఎంత ఇచ్చినా ఆ లోటు పూడదు.

ఇది ఏదో పట్నాలలో జరిగే సంగతి అని కొట్టిపారేయడానికి వీలులేదు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపిన లెక్క ప్రకారం సైబర్ మోసాల వల్ల 2023లో దేశ ప్రజలు పోగొట్టుకున్నది రూ. 7,465 కోట్లు. 2024లో అది రూ. 22,845 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు! బందరు కోనేరు సెంటరులో ఉన్నవాడి చేతిలోనూ, నాగాయలంక చెరువు గట్టు మీద ఉన్నవాడి చేతిలోనూ అదే ఫోను ఉంది గనుక, ఆ దొంగ ఇద్దరికీ సమాన దూరంలోనే ఉన్నాడు.

ఈ మోసాలు రకరకాలు. అన్నిటినీ ఒక్క ప్రసంగంలో చెప్పలేము. ఈనాడు మేము చెప్పదలచినది ఒక్క రకం గురించి. మనకు తెలిసిన మంచి సంస్థ పేరు పెట్టుకుని వచ్చే దొంగ గురించి. బ్యాంకు పేరు, కరెంటు ఆఫీసు పేరు, గ్యాసు కంపెనీ పేరు, హజ్ యాత్రలు నడిపే ట్రావెల్స్ పేరు, గల్ఫ్ కంపెనీ పేరు. పాతకాలపు దొంగ గోడ దూకి వచ్చేవాడు. ఈ దొంగ మనచేతనే తలుపు తీయించి, మనచేతనే డబ్బు లెక్కపెట్టించి పుచ్చుకుపోతాడు.

చిలకలపూడి బంగారం

బందరువారికి ఈ సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. చిలకలపూడి నగ అంటే తెలుగు దేశమంతా తెలుసు. పైన బంగారు పూత, లోపల వేరే లోహం. మన పనివారు దాన్ని రోల్డ్ గోల్డ్ అని చెప్పి, రోల్డ్ గోల్డ్ ధరకే అమ్ముతారు. అందులో దాపరికం లేదు. అది కష్టార్జితం. కాని అదే నగను ఎవడో రైల్లో కూర్చుని, అవసరం వచ్చి అమ్ముకుంటున్నానని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మేలిమి బంగారమని అమ్మితే అది దగా. నగ మారలేదు. అమ్మినవాడు చెప్పిన మాట మారింది.

ఫోనులో కనబడే బ్యాంకు గుర్తు, కంపెనీ ముద్ర, యూనిఫారం వేసుకున్న మనిషి ఫోటో, సంతకం స్టాంపు ఉన్న ఉత్తరం, ఇవన్నీ పూత వంటివే. ఇవాళ వాటిని ఎవరైనా కూర్చున్న చోటే తయారు చేసుకోవచ్చు. ఫోను మోగినప్పుడు తెరమీద బ్యాంకు పేరు కనబడిందని కొందరు నమ్ముతారు. ఆ పేరును వాడే పెట్టుకుని ఉండవచ్చు. మన పేరు, తండ్రి పేరు, ఆధార్ చివరి నాలుగంకెలు చెప్పాడు కాబట్టి నిజమైన ఆఫీసరే అయి ఉంటాడని మరికొందరు అనుకుంటారు. మన వివరాలు ఎన్ని జిరాక్సు షాపుల్లో, ఎన్ని సిమ్ కార్డు దుకాణాల్లో ఇచ్చి వచ్చామో ఒకసారి తలచుకుంటే చాలు, వాడికి అవి తెలియడం వింత కాదని బోధపడుతుంది.

మరి బంగారానికి గీటురాయి ఉన్నట్టు దీనికి గీటురాయి ఏది?

గీటురాయి

సోదరులారా, ఈ ప్రసంగంలో మిగిలినవన్నీ మరచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. వచ్చిన దారిన జవాబు ఇవ్వవద్దు. మనకు ముందునుంచీ తెలిసిన దారిన మనమే వెళ్ళి అడగాలి.

అంటే, బ్యాంకు నుంచి అని ఫోను వస్తే ఆ ఫోనులోనే మాట్లాడి తేల్చుకోవద్దు. పెట్టేయండి. పాసుపుస్తకం మీద, ఏటీఎం కార్డు వెనుక అచ్చువేసిన నంబరుకు మీరే చేయండి. లేదా చెప్పులు వేసుకుని బ్రాంచికి వెళ్ళండి. మెసేజిలో లింకు వస్తే దాన్ని నొక్కవద్దు. వాడు నిజమైనవాడైతే మనం బ్రాంచికి వెళ్ళి అడిగినందువల్ల వాడికి నష్టం లేదు, మనకూ లేదు. వాడు దొంగ అయితే మనం దారి మార్చగానే వాడి పని అయిపోయింది. ఫోను పెట్టేయడం అమర్యాద అని మన పెద్దలు, ముఖ్యంగా ఆడవారు, మొహమాటపడతారు. మంచివాడు కోపం తెచ్చుకోడు. 'పెట్టేయకండి, లైనులోనే ఉండండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి' అన్నవాడు మంచివాడు కాదని ఆ మాటతోనే తెలిసిపోతుంది.

మన ఊరి ఉదాహరణే చెబుతాము. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు మీద మన తాతల కాలం నుంచి నమ్మకం. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బోర్డు మారింది, పాసుపుస్తకం మారింది, కోడ్ నంబర్లు మారాయి. ఇటువంటి మార్పు జరిగినప్పుడే దొంగకు పండుగ. 'మీ బ్యాంకు మారింది గదా, కేవైసీ పూర్తి చేయకపోతే ఈ రాత్రికి ఖాతా ఆగిపోతుంది' అంటాడు. మార్పు నిజమే గనుక మిగతా మాట కూడా నిజమేమో అనిపిస్తుంది. వాడి అబద్ధంలో సగం ఎప్పుడూ నిజమే ఉంటుంది. ఆ సగాన్ని చూసి మనం మిగతా సగాన్ని మింగేస్తాము.

బ్యాంకుల వెబ్‌సైట్లను గుర్తుపట్టడానికి రిజర్వు బ్యాంకువారు ఒక ఏర్పాటు చేశారు. 2025 అక్టోబర్ 31 నాటికి బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్ చిరునామాను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ముగింపుకు మార్చుకోవాలని ఆదేశించారు. ఆ ముగింపు బ్యాంకులకు తప్ప ఇతరులకు దొరకదు. ఉత్తరం మీద ఊరి పేరు చివర రాసినట్టే వెబ్‌సైట్ చిరునామాలో కూడా అసలు యజమాని పేరు ఆ చివరి భాగంలోనే ఉంటుంది. మొదట్లో ఎంత పెద్ద బ్యాంకు పేరు రాసి ఉన్నా, చివర వేరే పేరు ఉంటే అది వేరేవాడి ఇల్లు. మన పిల్లలు ఇంట్లో పెద్దలకు ఈ ఒక్కటి చూపించి నేర్పాలి.

రోజూ ఎదురయ్యే వేషాలు

'నిన్నటి బిల్లు జమ కాలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు మీ కరెంటు కట్ చేస్తాము, ఈ ఆఫీసరుకు ఫోను చేయండి' అనే మెసేజి దేశమంతా తిరిగింది. రంజాను నెలలో, ఇఫ్తారు వేళ అటువంటిది వస్తే ఏ ఇల్లాలికైనా గాభరా పుడుతుంది. ఆ గాభరాయే వాడి పెట్టుబడి. కరెంటు విషయం ఏదైనా 1912కు మనం ఫోను చేసి కనుక్కోవచ్చు. లైన్‌మన్ మన వీధివాడే, అతన్ని అడగవచ్చు.

'మీ పార్సిల్ వచ్చింది, చిరునామా సరిగాలేదు, ఇరవైనాలుగు గంటల్లో సరిచేయండి' అని పోస్టాఫీసు పేరుతో మెసేజి వస్తుంది. సరిచేయడానికి ఐదు రూపాయలో పది రూపాయలో కట్టమంటుంది. వాడికి కావలసింది ఆ పది రూపాయలు కాదు. అవి కట్టడానికి మనం కొట్టే కార్డు నంబరు కావాలి.

ఈ మధ్య లింకుకన్న ప్రమాదమైనది ఏపీకే ఫైలు. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ కేవైసీ అని, బ్యాంకు రివార్డు పాయింట్లు అని, చివరకు పెళ్ళి శుభలేఖ అని కూడా వాట్సాప్‌లో పంపుతారు. అది ఉత్తరం కాదు, ఫోటో కాదు. అది ఒక యాప్. నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఫోను పగ్గాలు వాడి చేతికి పోతాయి. మనకు వచ్చే ఓటీపీలు వాడు చదువుతాడు. 'నేనెవరికీ ఓటీపీ చెప్పలేదే, డబ్బెలా పోయింది?' అని ఏడ్చేవారి సంగతి చాలాసార్లు ఇదే. తెలిసినవారి నంబరు నుంచి వచ్చిందని కూడా నమ్మవద్దు. వారి ఫోను ముందే చెడి ఉండవచ్చు. దివిసీమ రైతు సోదరులకు ప్రత్యేకించి మనవి. తుఫాను పోయిన మరునాడు పంట నష్టపరిహారం అనో, చెరువులకు సబ్సిడీ అనో ఫైలు వస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అటువంటిది ఏదైనా రైతు సేవా కేంద్రంలోనో, సచివాలయంలోనో అడిగిన తరువాతే ముట్టుకోండి. ప్రభుత్వం వాట్సాప్‌లో సేవలు అందిస్తున్నమాట నిజమే. 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' నంబరు 95523 00009. అది మీరే ఫోనులో రాసి పెట్టుకుని, మీరే మెసేజి పంపి పని చేయించుకునేది. అదే పేరుతో వేరే నంబరు నుంచి వస్తే అది మన మిత్ర కాదు, మన శత్రువు.

ఇంకొకటి, కస్టమర్ కేర్. ఇందులో దొంగ మన దగ్గరికి రాడు, మనమే వెతుక్కుంటూ వెళతాము. ఫ్రిజ్ చెడిపోయింది, డబ్బు ఒకరికి పంపబోయి ఇంకొకరికి పంపాము, రైలు టిక్కెట్టు డబ్బు తిరిగి రాలేదు. గూగుల్‌లో కంపెనీ పేరు కొట్టి, పైన కనిపించిన నంబరుకు చేస్తాము. పైన ఉన్నది నిజమైనదని హామీ లేదు. దొంగలు తమ నంబర్లను కంపెనీల పేర్లతో అక్కడ పెడతారు. అందుకని నంబరును బిల్లు మీద, పెట్టె మీద, కంపెనీ యాప్ లోపల మాత్రమే చూసుకోవాలి. అవతలివాడు 'ఎనీ డెస్క్' వంటి యాప్ వేసుకోమంటే ఇక మాట్లాడవలసిన పనిలేదు. దాని ద్వారా మన తెర వాడికి కనిపిస్తుంది.

అమ్ముకునేవారికి ఒక మాట

మన సభ్యులలో చాలామంది చిన్న వ్యాపారులు. పెడన కలంకారీ బట్టలు, చిలకలపూడి నగలు, గుడివాడలో పాత ఫర్నిచరు, ఇప్పుడు ఫోనులోనే ఫోటోలు పెట్టి అమ్ముకుంటున్నారు. సంతోషం. కాని కొనేవాడి వేషంలో కూడా వస్తారు. మిలిటరీ క్యాంటీను నుంచి అంటారు, పెద్ద హోటల్ నుంచి అంటారు. బేరం ఆడరు. అక్కడే అనుమానించాలి. మన వ్యాపారంలో బేరం ఆడని గిరాకీ ఎంతమంది? 'అడ్వాన్సు పంపుతున్నాము, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి' అంటారు.

గుర్తుంచుకోండి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, స్కాను అక్కరలేదు. యూపీఐ పిన్ కొడితే డబ్బు పోవడమే గాని రావడం ఉండదు. ఇద్దరు వ్యక్తుల మధ్య డబ్బు అడిగే 'కలెక్ట్ రిక్వెస్ట్' పద్ధతిని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపివేశారు. దానివల్ల ఒక తలుపు మూసుకుంది. క్యూఆర్ తలుపు తెరిచే ఉంది. అలాగే 'డబ్బు పంపాను చూడండి' అని స్క్రీన్‌షాట్ చూపిస్తే సరుకు ఇవ్వవద్దు. మీ ఖాతాలో జమ అయిందో లేదో మీ ఫోనులో మీరు చూసుకున్న తరువాతే మూట కట్టండి.

హజ్, ఉమ్రా, దానధర్మాలు

ఇది మన మనసుకు దగ్గరి విషయం. కొందరు జీవితమంతా పైసా పైసా పోగేసేది ఒక్క హజ్ కోసమే. ఆ డబ్బు పోతే డబ్బుతోపాటు ఆశ కూడా పోతుంది. మళ్ళీ అంత పోగేయడానికి వయసు మిగలదు.

భారతదేశానికి 2025లో కేటాయించిన హజ్ యాత్రికుల సంఖ్య 1,75,025. అందులో 70 శాతం హజ్ కమిటీ ఆఫ్ ఇండియా ద్వారా, 30 శాతం ప్రైవేటు హజ్ గ్రూపు నిర్వాహకుల ద్వారా అని ఆ ఏటి హజ్ విధానంలో నిర్ణయించారు. ఈ రెండు దారులు తప్ప మూడవ దారి లేదు. గుర్తింపు పొందిన నిర్వాహకుల జాబితాను కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ప్రకటిస్తుంది. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రాంలోనో పేరున్న ట్రావెల్స్ ముద్రతో 'తక్కువ సీట్లు, ఈ రోజే అడ్వాన్సు' అని ప్రకటన కనబడితే, ఆ పేరు జాబితాలో ఉన్నంతమాత్రాన చాలదు. ఆ పేరు వాడుతున్నవాడు ఆ సంస్థవాడేనా అని తేల్చుకోవాలి. జాబితాలో ఉన్న చిరునామాకు మనవాళ్ళెవరైనా స్వయంగా వెళ్ళిరావాలి. డబ్బు సంస్థ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే కట్టాలి. ఎవరిదో సొంత యూపీఐకి పంపమంటే ఆగిపోవాలి. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకూడదు.

విజిట్ వీసా మీద తీసుకువెళ్ళి హజ్ చేయిస్తామని చెప్పేవారు ఇంకా ప్రమాదం. 2024 హజ్‌లో ఎండదెబ్బకు, ఇతర కారణాలకు 1,301 మంది మరణించారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారు. అనుమతి లేనివారికి చల్లని గుడారం లేదు, బస్సు లేదు. మండుటెండలో మైళ్ళకొద్దీ నడిచారు. వీరిలో ఎంతమంది తెలిసి వెళ్ళారో, ఎంతమంది ఏజెంటు మాట నమ్మి వెళ్ళారో అల్లాకే ఎరుక. మోసం వల్ల పోయేది ఎప్పుడూ డబ్బు ఒక్కటే కాదని చెప్పడానికి ఇది చెప్పాము.

దానం చేసే చేతికి కూడా జాగ్రత్త కావాలి. 2020లో పీఎం కేర్స్ నిధి మొదలైన వెంటనే, దాని యూపీఐ చిరునామాలో ఒక్క 'ఎస్' అక్షరం తగ్గించి నకిలీది తయారు చేశారు. ఢిల్లీ పోలీసులు కనిపెట్టారు. ఒక్క అక్షరం! ప్రధానమంత్రి నిధికే ఆ గతి పడితే, రంజానులో వచ్చే అనాథశరణాలయం వీడియోలు, ఆపరేషను కోసం చిన్నపిల్ల ఫోటోలు ఏ పాటి? జకాత్ అర్హులకు చేరేవరకు అది మన బాధ్యతే. పంపేముందు తెరమీద కనిపించే ఖాతాదారు పేరు చదవండి. సంస్థ పేరు చెప్పి వ్యక్తి పేరు కనిపిస్తే పంపవద్దు. చేతికి అందే దూరంలో ఉన్న పేదను మరచి, కనబడని వీడియోకు పంపడం కన్న, మహల్లాలో అడిగి ఇవ్వడం మేలు.

గల్ఫ్ ఉద్యోగాలు

మన కృష్ణా తీరం నుంచి దుబాయి, కువైటు, సౌదీ వెళ్ళినవారు లేని వాడ లేదు. పెద్ద నూనె కంపెనీ పేరుతో, ఆసుపత్రి పేరుతో ఆఫర్ లెటరు వాట్సాప్‌లో వస్తుంది. ముద్ర ఉంటుంది, సంతకం ఉంటుంది. వీసా ఖర్చు, మెడికల్ ఖర్చు అని వరుసగా కట్టించుకుంటారు. చివరకు నంబరు పనిచేయదు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్నవారి పేర్లు, చిరునామాలు కేంద్ర ప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము రూ. 30,000, దానిమీద జీఎస్టీ. లక్షలు అడిగినవాడు లైసెన్సు చూపించినా నమ్మవద్దు. ఆ లైసెన్సు వేరొకరిదై ఉండవచ్చు. ఇక్కడ కూడా అదే గీటురాయి. వాడిచ్చిన నంబరు కాక, వెబ్‌సైటులో ఉన్న చిరునామాకు మనమే వెళ్ళి అడగాలి.

ఇంకొక భయంకరమైన సంగతి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టినదాన్నిబట్టి, సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన తెలుగు యువకులను కాంబోడియాకు తరలించారు. అక్కడ గదుల్లో పెట్టి, మన దేశంవారికే ఫోన్లు చేసి మోసాలు చేయమని హింసించారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని అటువంటి స్థావరాల నుంచి 549 మంది భారతీయులను వాయుసేన విమానాలలో వెనక్కు తెచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. అంటే మనకు ఫోను చేసి 'సార్, బ్యాంకు నుంచి' అనే గొంతు కొన్నిసార్లు మనలాగే మోసపోయి బందీ అయిన ఒక తల్లి బిడ్డది కావచ్చు. వాడిమీద జాలిపడి డబ్బు ఇవ్వమని కాదు. మన పిల్లలు అక్కడికి చేరకుండా చూసుకోమని.

ఖాతా అద్దెకు ఇవ్వవద్దు

ఈ మాట కాలేజీ విద్యార్థులకు. 'నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఒక నెల ఇవ్వు, ఐదువేలు ఇస్తాము' అని అడిగేవారు ఉన్నారు. దోచిన సొమ్ము దాటించడానికి దొంగకు ఖాతాలు కావాలి. తన పేరున తెరవడు. మీ పేరున తెరిపిస్తాడు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉంటే వారి ఇంటికే. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 66డి సెక్షను ప్రకారం కంప్యూటరు, ఫోను ద్వారా వేరొకరి వేషంలో మోసం చేస్తే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. తెలియక చేశాను అని తండ్రి కోర్టు మెట్ల దగ్గర ఎంత ప్రాధేయపడినా, పిల్లవాడి ఉద్యోగం, పాస్‌పోర్టు చిక్కుల్లో పడతాయి. ఐదువేలకు పేరు అమ్ముకోవద్దు.

పోయిన తరువాత

జాగ్రత్త పడినా ఒక్కోసారి జరుగుతుంది. అప్పుడు మొదటి గంట ప్రాణం వంటిది. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఏ బ్యాంకు, ఎంత పోయింది, లావాదేవీ నంబరు ఏమిటి అని అడుగుతారు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు దూకేలోపు దాన్ని ఆపడానికి బ్యాంకులకు కబురు వెళుతుంది. ఆలస్యమైతే అది పది ఖాతాలుగా చీలి ఏటీఎంలో నగదుగా మారిపోతుంది. తరువాత 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు నమోదు చేయించి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. మెసేజిలను, స్క్రీన్‌షాట్లను చెరిపివేయవద్దు.

2017 జూలైలో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఒకటి తెలుసుకోవాలి. మన తప్పుగాని, బ్యాంకు తప్పుగాని లేకుండా మూడవవాడి మోసంవల్ల ఖాతాలో డబ్బు పోతే, మూడు పనిదినాలలో బ్యాంకుకు తెలియజేసినవారి మీద భారం పడదు. మనమే పిన్ను, ఓటీపీ చెప్పివుంటే, తెలియజేసేవరకు పోయినది మనది. తెలియజేసిన తరువాత పోయినది బ్యాంకుది. కావున ఏ విధంగా చూసినా త్వరగా చెప్పినవాడికే లాభం. బ్యాంకు ముప్ఫై రోజులలో సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు.

చివరగా, మేము అన్నిటికన్న ముఖ్యమని భావించే మాట. మోసపోయినవారు నోరు విప్పరు. ఇంట్లో తిడతారని, నలుగురిలో నవ్వుతారని. భార్య భర్తకు చెప్పదు, తండ్రి కొడుక్కు చెప్పడు. ఆ మౌనంలోనే మొదటి గంట గడిచిపోతుంది. ఆ మౌనంలోనే పక్కింటివారు కూడా అదే ఫోనుకు బలవుతారు. దివిసీమ నుంచి వచ్చిన పెద్దలకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తుంటుంది. ముందుమాట వేళకు చేరితే ఎన్ని ప్రాణాలు నిలిచేవో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మోసపోయినవాడు చెప్పే మాట మిగతా మహల్లాకు ముందుమాట. అతన్ని 'చదువుకున్నావు గదా, బుద్ధి ఏమైంది?' అనవద్దు. ముందు 1930కి ఫోను చేయించండి. తిట్టదలచుకుంటే మరునాడు తిట్టుకోవచ్చు.

సంఘానికి మేము చేసే సూచనలు రెండు. ప్రతి పట్టణశాఖలోనూ ఫోను వ్యవహారం తెలిసిన ఒక యువకుని, ఒక యువతిని నియమించాలి. ఎవరికి అనుమానం కలిగినా, ఏ వేళనైనా, డబ్బు పంపేముందు వారిని అడిగే వీలుండాలి. అడిగినవారి పేరు బయటకు రాకూడదు. రెండవది, ఈ సంచిక వెనుక అట్ట మీద 1930, 1912 నంబర్లు పెద్ద అక్షరాలతో వేయించాలి.

ఇంటికి వెళ్ళగానే మీరు చేయవలసిన పని కూడా ఒకటి ఉంది. గోడమీద నమాజు వేళల క్యాలెండరు పక్కన మీ బ్యాంకు బ్రాంచి నంబరు, 1930, ఒక కాగితం మీద రాసి అంటించండి. కళ్ళు సరిగా కనబడని దాదీమాకు కూడా కనబడేంత పెద్దగా రాయండి. ఏ ఫోను వచ్చినా ముందు ఆ కాగితం వైపు చూడమని చెప్పండి.